కప్పు అంటే ఏ కప్పు?

“రెండు కప్పుల బియ్యప్పిండి, కప్పు బెల్లం తురుము, పావు కప్పు నెయ్యి...” వంటల పేజీలో ఇలా చదవగానే మీ చెయ్యి ఏ కప్పు మీదికి పోతుంది? కాఫీ కప్పు మీదికా, పెరుగు తోడేసే కప్పు మీదికా, లేకపోతే ఎవరో పెళ్ళిలో పంచిపెట్టిన స్టీలు గిన్నె మీదికా? నా చెయ్యి మాత్రం ఏది దగ్గరగా ఉంటే దాని మీదికి పోయేది. ఇరవై ఏళ్ళపైగా అలాగే వండాను. ఎవరూ పస్తుండలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. “కప్పు కోసం కూడా బజారు కెళ్ళాలా?” అని నవ్విన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ నవ్వు ఒక రాత్రి ఎలా ఆగిపోయిందో చెబుదామనే ఈ నాలుగు మాటలు.

నేను 1998లో తెనాలి కాపురానికి వచ్చేసరికి మా అత్తగారి వంటింట్లో కప్పు అనే మాటే లేదు. ఇత్తడి సోల, తవ్వ, గిద్ద ఉండేవి. నాలుగు గిద్దలైతే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక, రెండు మానికలైతే అడ్డ, రెండు అడ్డలైతే కుంచం. ఈ లెక్క ఆవిడకి నోటికి వచ్చు. నేను ఇంటర్మీడియట్ చదివానన్న మాటే గాని ఈ లెక్క దగ్గర తడబడేదాన్ని. పైగా మా పుట్టింటి సోలకీ, అత్తింటి సోలకీ రెండు గుప్పెళ్ళ తేడా! కొత్త కోడలిగా పుట్టింటి అలవాటు ప్రకారం ఎసరు పెట్టి మొదటి రోజే అన్నం మెత్తగా ముద్ద చేసి కూర్చున్నాను. ఆవిడ కోప్పడలేదు. “సోల మారిందమ్మాయ్, నీ తప్పు కాదు” అన్నారు. ఆ మాట అప్పుడే గుర్తుంచుకోవలసింది.

దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చింది. తరవాత కొన్నేళ్ళలో బజారంతా కిలోలు, లీటర్లకి మారిపోయింది. ఇళ్ళలో మాత్రం సోలెడు బియ్యం, గిద్దెడు నూనె అన్న మాటలు మా అత్తగారి తరం దాకా నిలిచాయి. మా తరానికి సోల అటకెక్కింది. దాని చోటులోకి గ్లాసు వచ్చింది, తరవాత కప్పు వచ్చింది. సోలకి ఊళ్ళో అందరికీ తెలిసిన ఒక లెక్కంటూ ఉండేది. ఈ గ్లాసుకీ కప్పుకీ అదీ లేదు.

అలాగని గ్లాసు కొలతని తీసిపారేయనక్కర లేదు. ఉప్మాకి ఒక గ్లాసు రవ్వ, రెండున్నర గ్లాసుల నీళ్ళు అంటే ఏ గ్లాసైనా ఒకటే. అన్నీ ఆ గ్లాసుతోనే కొలుస్తాం గనక పాళ్ళు చెడవు. మా ఇంట్లో ఆవకాయ ఈనాటికీ సోలతోనే కొలుస్తాం. కారం, ఉప్పు, ఆవపిండి ఒకే పాత్రతో పోస్తే అది ఎంతదైతేనేం? చిక్కల్లా కప్పూ చెంచా కలిసి వచ్చినప్పుడే. మా అమ్మాయి ఏడో పుట్టినరోజుకి కుక్కర్లో కేకు చేశాను. మైదా చిన్న కాఫీ కప్పుతో పోశాను. వంటసోడా కూర వడ్డించే పెద్ద చెంచాతో వేశాను. పుస్తకంలో చెంచా అనే ఉంది మరి! కేకు పొంగి మధ్యలో గొయ్యి పడింది, నోట్లో పెట్టుకుంటే సబ్బు రుచి. పిల్ల కొవ్వొత్తులు ఊది, “అమ్మా, ముక్క తినాలా?” అని అడిగింది. దానికీ నవ్వుకున్నాం.

ఆ తరవాతే ఎగ్జిబిషన్లో రంగురంగుల ప్లాస్టిక్ కప్పుల సెట్టు కొన్నాను. కప్పు, అరకప్పు, మూడోవంతు, పావు. పెద్ద కప్పు అడుగున 240 మి.లీ. అని అంకె అచ్చు వేసి ఉండేది. ముచ్చటగా ఉండేవి. ఏడాది తిరిగేసరికి పసుపు పట్టి రంగు మారాయి, ఇంగువ వాసన వదల్లేదు. పీచుతో తోమితోమి అంకెలు పోయాయి. అయినా పెద్ద కప్పు ఒకటి అలాగే నడుస్తూ వచ్చింది.

మా వారు స్కూలు మాస్టారు. 2016లో ఆయనకి షుగరని తెలిసింది. అయిదేళ్ళు మాత్రలతో నెట్టుకొచ్చి, 2021లో రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ ఇంజక్షను మొదలుపెట్టవలసి వచ్చింది. అప్పుడే ఆసుపత్రిలో ఆహారం సంగతి చెప్పే అమ్మాయి కూర్చోబెట్టి, “రాత్రికి కప్పు అన్నం, కప్పు కూర, కాస్త పప్పు, మజ్జిగ” అని రాసిచ్చింది. చూపించిన కప్పు మా ఇంటి ప్లాస్టిక్ కప్పు లాంటిదే. ఇంకేం, మన ఇంట్లో ఉందిగా అనుకున్నాను.

ఆ రోజు నుంచి రాత్రిళ్ళు అన్నం కప్పు నిండా తీసి, మట్టంగా సర్ది, ఆయన కంచంలో బోర్లించేదాన్ని. పిల్లలు ఇసుకలో కట్టే గూడులా ఉండేది. “ఇవాళ ఇల్లు బాగా కట్టావే” అని మా వారు నవ్వేవారు. ఇంజక్షను మోతాదు కూడా ఆ తిండికి తగ్గట్టే కుదిరింది. రెండేళ్ళు ఏ ఒడుదుడుకూ లేదు.

ఒకనాడు పెనం దించి స్టవ్ పక్కన పెట్టాను. దాన్ని ఆనుకునే కప్పు ఉంది, చూసుకోలేదు. నేను తిరిగి చూసేసరికి కప్పు ఒక పక్కకి కుంగి, మూతి ముడుచుకుపోయింది. పారేశాను. రైస్ కుక్కర్ కొన్నప్పుడు దాంతోపాటు ఇచ్చిన చిన్న కప్పు గుర్తొచ్చింది. అది బియ్యం కొలిచే కప్పే కదా, కప్పు అంటే కప్పే కదా! ఆ రాత్రి నుంచి దాంతోనే గూడు కట్టడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన విషయమని తోచలేదు.

ఏడెనిమిది రోజులు గడిచాయి. ఆ రోజు సాయంత్రం మా వారు ఎవరితోనో మాటల్లో పడి మామూలు కంటే చాలా దూరం నడిచి వచ్చారు. రాత్రి ఇంజక్షను చేసుకుని, భోంచేసి పడుకున్నారు. రెండు గంటల వేళ మంచం కదులుతుంటే మెలకువ వచ్చింది. ఆయన బనీను తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే సరిగా పలకడం లేదు, “చాక్‌పీసు ఏదీ” అంటున్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నా కేకకి మా అత్తగారు గోడ పట్టుకుంటూ లేచి వచ్చారు. వేలు గుచ్చి మిషను మీద చూస్తే 54.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆసుపత్రి వాళ్ళు ముందే చెప్పి ఉంచారు. చిన్న చెంచాతో మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి, మింగగలుగుతున్నారని చూసుకుని, మెల్లగా తాగించాను. పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 82. ఆ పావుగంట ఎంత పొడుగో చెప్పలేను. మా అత్తగారు కొడుకు అరికాళ్ళు రుద్దుతూ ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన తేరుకుని, “ఏమిటి ఇద్దరూ అలా కూర్చున్నారు?” అన్నాక, రెండు బిస్కట్లు పెట్టి పడుకోబెట్టాను. నేను మాత్రం పడుకోలేదు.

మర్నాడు డాక్టరుగారు అన్నీ అడిగారు. ఇంజక్షను ఎన్ని యూనిట్లు, ఎక్కడ చేసుకున్నారు, ఏం తిన్నారు, ఎంత నడిచారు. “రోజూ తినేంతే తిన్నారండీ, కప్పుతో కొలిచే పెడతాను” అన్నాను. నా సంచీలో టిఫిను డబ్బాతోపాటు ఆ కప్పు కూడా ఉంది. తీసి చూపించాను. ఆహారం సంగతి చెప్పే అమ్మాయి దాన్నిండా నీళ్ళు పోసి, గీతలున్న గాజు కొలపాత్రలోకి వంచింది. 180 మి.లీ.!

“ఇది రైస్ కుక్కర్ కప్పండీ. జపాను వాళ్ళ బియ్యం కొలత ఇది. మేం చెప్పింది 240” అంది. అంటే నాలుగు ముద్దలు తినవలసిన మనిషికి నేను మూడు ముద్దలే పెట్టాను. మందు మాత్రం నాలుగు ముద్దలకే పడుతోంది. ఆ ఒక్కదాని వల్లే జరిగిందనలేమనీ, ఎక్కువ నడవడం కూడా తోడయిందనీ డాక్టరుగారు సర్దిచెప్పారు. కాని నాకు తెలుసు కదా, నడక ఆయనదైతే కప్పు నాది.

ఇంటికొచ్చాక మా వారు అన్న మాట ఇంకా బాధపెట్టింది. “గూడు చిన్నదైందని మొదటి రోజే చూశాను. షుగరు ఎక్కువుందేమో, నువ్వే తగ్గించావనుకున్నాను. అడిగితే, ఆకలేస్తోందని అంటున్నాననుకుని నొచ్చుకుంటావని ఊరుకున్నాను.” మా అత్తగారు కూడా, “నేనూ చూశానమ్మాయ్. మీ భార్యాభర్తల మధ్య నాకెందుకని ఊరుకున్నాను” అన్నారు. చూశారూ! ముగ్గురం ఒకే కంచం చూశాం. ఒకరికొకరం చెప్పుకోలేదు. చివరికి ఆవిడే అన్నారు, “కొలత పాత్ర మారిస్తే ఇంట్లో చెప్పి మార్చాలమ్మా. మా అత్తగారు సోల మార్చినప్పుడు పాలేరుకి కూడా చెప్పేది” అని.

ఇక ఈసారి ముడుచుకుపోనిదీ, అరిగిపోనిదీ, పది కాలాలపాటు ఒకే కొలత చెప్పేదీ కొనాలని పట్టుపట్టాను. విజయవాడ వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్లన్నీ ఒక పూటంతా తిరిగాను. అక్కడ చూసినవీ, ఆ తరవాత వాడి తెలుసుకున్నవీ మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

ప్లాస్టిక్ సంగతి నేను చెప్పనే చెప్పాను. వేడికి వంగుతుంది, పసుపు పడుతుంది, అంకెలు పోతాయి. అల్యూమినియం తేలికే గాని ఇట్టే సొట్ట పడుతుంది. లోపలికి సొట్ట పడితే ఆ మేరకి కొలత తగ్గినట్టే. పైగా చింతపండు పులుసు, పెరుగు లాంటి పులుపు దానికి పడదు. ఇత్తడి గట్టిదే. కాని కళాయి లేకుండా పులుపు పోయరాదు, చింతపండుతో తోమే ఓపికా ఉండాలి. గాజుది పాలు, నూనె, నీళ్ళు కొలవడానికి బాగుంటుంది, బల్ల మీద పెట్టి గీతకి ఎదురుగా కన్ను పెట్టి చూసుకోవచ్చు. వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు అయితేనే వేడి పాలు పొయ్యండి. అయితే చెయ్యి జారితే అదీ పగిలేదే. పిండి, రవ్వ, బియ్యం, అన్నం రోజూ కొలిచే దానికి స్టీలుకి మించింది లేదని తేల్చుకున్నాను.

స్టీల్లోనూ రకాలున్నాయి. ఒక కొట్టతను అయస్కాంతం తెచ్చి, “చూడండమ్మా, అంటుకోవడం లేదు, అసలు స్టీలు” అన్నాడు. మా వారు సైన్సు మాస్టారు కనక అక్కడే పాఠం మొదలుపెట్టారు. 304 రకం స్టీలులో దాదాపు వందకి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు ఉంటాయి. దాన్నే 18/8 అంటారు. అది అయస్కాంతానికి అంటదు. కాని నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకం కూడా అంటదు. కాబట్టి అయస్కాంతం ఒక్కటే సాక్ష్యం కాదు. ఉప్పు, పులుపు తగిలే పాత్రకి 304 అని ముద్ర ఉన్నదే అడిగి, బిల్లుతో తీసుకోవడం మంచిది.

తరవాత పిడి చూడండి. కొన్నిటికి పిడిని రెండు చుక్కలు అతికించి వదిలేస్తారు. అన్నం తియ్యబోతే ఊడి చేతికొస్తుంది. ఆ సందులో తడి, పిండి చేరి తుప్పు కూడా పడుతుంది. కప్పూ పిడీ ఒకే రేకుతో చేసినవి ఉన్నాయి, అవి శ్రేష్ఠం. కప్పు పక్కల్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపలికి పోతే రేకు పలచన, వద్దు. ఖాళీ కప్పుని బల్ల మీద పెట్టండి. పిడి బరువుకి పక్కకి ఒరిగితే అదీ వద్దు, నూనె పోసినప్పుడు ఒలుకుతుంది. అంచు మడత లేకుండా చదునుగా ఉండాలి. అప్పుడే చాకు వీపుతో మట్టంగా గీస్తే కొలత సరిపోతుంది. మడతలో రవ్వ ఇరుక్కుని పురుగు పట్టే బెడదా ఉండదు. అంకెలు రంగుతో అచ్చేసినవి కాదు, లోహం మీద చెక్కినవి తీసుకోండి. ఇంకో చిన్న మాట. కప్పు మీ డబ్బాల మూతిలో పడుతుందో లేదో కొనేముందు గుర్తు చేసుకోండి. మా పిండి డబ్బా మూతి చిన్నదని ఇంటికొచ్చాకే నాకు తెలిసింది!

బజారులో దుకాణదారు వాడే తూకపు రాళ్ళకీ, లీటరు కొలతలకీ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. మన వంటింటి కప్పుకి ఇన్‌స్పెక్టరు మనమే. ఇందుకు పెద్ద పరికరాలేమీ వద్దు. అర లీటరు పాల ప్యాకెట్టు చాలు, అందులో 500 మి.లీ. ఉంటాయి. మీ కప్పుతో కొలవండి. సరిగ్గా రెండు కప్పులై అయిపోతే మీది 250 మి.లీ. కప్పు. రెండు కప్పులు పోగా నాలుగు చిన్న చెంచాల పాలు మిగిలితే 240ది. మూడో కప్పు కూడా ముప్పాతిక దాకా నిండితే అది నాలాంటి వాళ్ళని మోసం చేసిన 180ది! వంటింట్లో చిన్న తూకం ఉన్నవాళ్ళు నీళ్ళు పోసి తూచవచ్చు. 240 మి.లీ. నీళ్ళు దాదాపు 240 గ్రాములు తూగుతాయి. చెంచాల్లోనూ చిన్నది 5 మి.లీ., పెద్దది 15 మి.లీ. అని చెక్కి ఉన్నవే కొనండి. ఆస్ట్రేలియాలో ఉన్న మా చెల్లెలు అక్కడ పెద్ద చెంచా 20 మి.లీ. అని చెప్పింది, దాని వంటలు రాసుకునేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకుంటాను. పిల్లల మందులకి మాత్రం ఇవేవీ వద్దు, సీసాతో వచ్చిన మూతో గొట్టమో వాడండి.

కప్పు మంచిదైతే చాలదు, కొలిచే చెయ్యి కూడా కుదురుగా ఉండాలి. మైదా డబ్బాలో కప్పు గుచ్చి తీస్తే పిండి అణిగి ఎక్కువ పడుతుంది. చెంచాతో వదులుగా పోసి పైన గియ్యాలి. అలా అయితే 240 మి.లీ. కప్పు మైదా సుమారు 120 గ్రాములు, అదే కప్పు బియ్యం, పంచదార దాదాపు 200 గ్రాములు. కల్లుప్పుకి గాలి సందులెక్కువ, మెత్తని ఉప్పు అదే కప్పులో ఎక్కువ తూగుతుంది. ఆవకాయకి ఏటా ఒకే రకం ఉప్పు వాడమని మా అత్తగారు ఎందుకంటారో నాకు అప్పుడు అర్థమైంది.

కొత్త కప్పులు తెచ్చిన సాయంత్రం మా అత్తగారు వాటిని ఒక్కొక్కటే గోటితో మీటి చూశారు. ఆవిడకి చూపు సరిగా ఆనదు. అటక మీది ఇత్తడి సోల దింపమన్నారు. ఇద్దరం వంటింటి గడప దగ్గర కూర్చుని, కప్పుతో బియ్యం సోలలోకి పోశాం. ఒకటిన్నర కప్పు, పైన రెండు చిన్న చెంచాలు పట్టింది. మా ఇంటి సోల ఎంతో ఆ రోజు మొదటిసారి అంకెల్లో తెలిసింది. నోటుబుక్కు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాశాను. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి ఫోన్లో, “అమ్మా, నానమ్మ సోల అంటే నా కప్పు ఎంత?” అని ఎన్నిసార్లు అడిగిందో! ఇప్పుడు జవాబు ఉంది. దానికీ అదే రకం సెట్టు ఒకటి కొని పంపాను.

ఆ రాత్రి కొత్త కప్పుతో అన్నం తీసి, మట్టంగా గీసి, మా వారి కంచంలో బోర్లించాను. “ఇదిగోనండీ, ఇవాళ్టి నుంచి కప్పు మారింది. ఇది 240” అని పైకే చెప్పాను. మా వారు గూడు చుట్టూ చూసి, “పాత ఇల్లే” అన్నారు. మా అత్తగారు కంచం మీదికి వంగి, వేళ్ళు అన్నానికి తగలకుండా జానతో కొలిచినట్టు చూసి, “సరిపోయింది. ఇక దీన్ని మార్చకు. మారిస్తే కేకేసి చెప్పు, నాకు చెవులు బాగానే ఉన్నాయి” అన్నారు.

మీ ఇంట్లోనూ కొలిచి తినవలసినవాళ్ళు ఉంటే, రేపు పొద్దున పాల ప్యాకెట్టు కత్తిరించేటప్పుడు మీ కప్పుని ఒక్కసారి అడిగి చూడండి, అది ఎంతదో.